బార్సిలోనా వెళ్తున్నారా? "అక్కడికెళ్లాక టికెట్ తీసుకుందాం" అనే మాట మానేయండి

జులై వచ్చిందంటే బార్సిలోనాలోని పేరున్న చర్చి సగ్రాడా ఫమీలియా దగ్గర్నుంచి నా ఫోన్‌కి ఇదే గొడవ. "సగ్రాడా ఫమీలియా గేటు దగ్గరే ఉన్నామండీ, లోపలికి పంపట్లేదు, ఏమైనా చేయగలరా?" ఏమీ చేయలేను. మనవాళ్ల యూరప్ ట్రిప్పులు ప్లాన్ చేయడమే నా పని, అయినా ఆ పూట నా దగ్గరా మంత్రం ఉండదు.

అపోహ: పొద్దున్నే వెళ్లి క్యూలో నిలబడితే టికెట్ దొరుకుతుంది.

వాస్తవం: ఆ క్యూలో ఉన్నవాళ్లంతా ముందే టికెట్ కొన్నవాళ్లు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు, తేదీ, టైమ్ స్లాట్‌తో సహా. వేసవిలో మంచి స్లాట్లు చాలా రోజుల ముందే అయిపోతాయి. 1882లో కట్టడం మొదలై, దాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ గౌడీ 1926లో పోయేనాటికి కూడా పూర్తికాని చర్చి కదా, అంత రద్దీ ఏముంటుందిలే అని తేలిగ్గా తీసుకుంటారు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్‌ని నెలల ముందే కాచుకుని బుక్ చేసే మనం ఇక్కడ మాత్రం ఎందుకంత ధీమాగా ఉంటామో నాకర్థం కాదు.

ఒకసారి జర్మనీలో ఉద్యోగం చేసే ఒకబ్బాయి, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని వెళ్లాడు. ఎవరో "సాయంత్రం మూసేముందు మిగిలిన టికెట్లు గేటు దగ్గర ఇచ్చేస్తారు" అని వాట్సాప్‌లో పెట్టారట, అది నమ్మాడు. అలాంటిదేమీ లేదు! వాళ్లమ్మగారికి మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నం ఎండలో ఎదురుగా పార్కులో చెరువు పక్కన బెంచీ మీద కూర్చుండిపోయారు. పైగా బయట ఒకతను రెట్టింపు డబ్బు తీసుకుని ఇచ్చిన కాగితం గేటు దగ్గర స్కాన్ కాలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ల తిరుగు ఫ్లైట్. అబ్బాయి ఫోన్‌లో "అమ్మకి చూపిద్దామనే వచ్చాం సార్" అంటుంటే నాకే మనసు బాధేసింది.

కాబట్టి ఫ్లైట్ బుక్ చేసిన రోజే ఈ టికెట్ సంగతీ చూడండి, అదీ చర్చి సొంత వెబ్‌సైట్‌లోనే. పదకొండేళ్లలోపు పిల్లలకు ఉచితమే, కానీ వాళ్ల పేరిట కూడా టికెట్ తీసుకోవాలి. సాయంత్రం స్లాట్ దొరికితే వదలకండి, పడమటి వైపు అద్దాల్లోంచి ఎరుపు, నారింజ రంగులు రాతిస్తంభాల మీదికి పాకుతాయి. పొద్దున స్లాట్‌లో తూర్పు వైపు నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి. టవర్ ఎక్కడానికి వేరే టికెట్. పైకి లిఫ్ట్ ఉంది కానీ దిగేటప్పుడు ఇరుకు మెట్లే, అందుకని పెద్దవాళ్లకి వద్దు. గౌడీయే డిజైన్ చేసిన పార్క్ గ్వెల్‌కీ స్లాట్ తప్పనిసరి. మెట్రో దిగాక అక్కడికి బాగా ఎత్తు ఎక్కాలి, పెద్దవాళ్లుంటే టాక్సీ ఎక్కండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మెట్రో, బస్సుల్లో వాడే టీ-కాజువల్ కార్డు ఒకటి కొని నలుగురం వాడుకోవచ్చు అనుకుంటారు. అది ఒక్క మనిషికే, పది ప్రయాణాలకు, పైగా ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలో చెల్లదు. "మన ఎండల ముందు వాళ్లవేం ఎండలు" అంటారు, నిజమే కానీ రోజంతా నడిచేది మీరే కదా, మధ్యాహ్నం రూమ్‌లో పడుకుని సాయంత్రం బయల్దేరండి, జులైలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. యూరప్‌లో దొంగలుండరనేది ఇంకో భ్రమ. టూరిస్టులు తిరిగే లా రాంబ్లా వీధిలో, మెట్రోలో, బార్సెలోనెటా బీచ్‌లో జేబులు కొట్టేవాళ్లున్నారు, పాస్‌పోర్టులన్నీ ఒకే హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి దాన్ని కుర్చీకి తగిలించకండి. సలాడ్ అంటే వెజ్ అనుకోకండి, అందులో ట్యూనా చేప వేసి తెస్తారు, ముందే అడగండి.

చివరగా, టెన్షన్ పడుతూ అడిగే అమ్మానాన్నల కోసం: జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మీద స్పెయిన్ వెళ్లొచ్చా? స్టిక్కర్ మీద షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లుతుందని ఉంటే నిశ్చింతగా వెళ్లండి. ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలన్నదే రూలు, వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలని ఎక్కడా లేదు. వీసా రోజులు, ఎన్నిసార్లు ప్రవేశం ఉందో మాత్రం చూసుకోండి, పాస్‌పోర్టు వెంట పెట్టుకోండి.