భగందరం ఆపరేషన్ తర్వాత: డ్రెస్సింగ్ గదిలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

సర్జికల్ వార్డు డ్రెస్సింగ్ గదిలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న నర్సుని. మలద్వారం దగ్గర వచ్చే ఫిస్టులా అనండి, భగందరం అనండి, ఆ ఆపరేషన్ అయినవాళ్ళు మా గదిలోకి వచ్చే తీరే వేరు. గుమ్మంలో ఆగి, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఒకసారి వెనక్కి చూస్తారు. తర్వాత గొంతు తగ్గించి, "సిస్టర్, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాట దాదాపు ఎప్పుడూ ఈ కింద రాసినవాటిలో ఒకటే అయి ఉంటుంది.

థియేటర్‌లో పని అరగంటో గంటో. మానడానికి మాత్రం మామూలు ఫిస్టులాకే 4 నుంచి 8 వారాలు పడుతుంది. లోతుగా, వంకరగా పోయినదైతే మూడు నెలలు దాటినా దాటొచ్చు. ఆ రోజులన్నీ గడిచేది ఇంట్లో, బాత్రూంలో, చుట్టాల సలహాల మధ్య.

అపోహ: "కుట్లు వేయకుండా వదిలేశారు. ఆపరేషన్ సరిగ్గా చేయలేదు."

మొదటి వారంలో ఇంట్లోవాళ్ళ చేత ఫోన్‌లో ఫొటో తీయించుకుని చూసుకున్నవాళ్ళు హడలిపోతారు. అంత గాయం తెరిచి ఉంటే ఎవరికైనా టెన్షన్ రాదా మరి!

కావాలనే తెరిచి ఉంచుతారు. మలద్వారం లోపల చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో ఒకదానికి ఇన్ఫెక్షన్ వచ్చి చీముగడ్డ కడితే, ఆ చీము బయటికి రావడానికి తొవ్వుకున్న సొరంగమే ఫిస్టులా. మామూలు కేసుల్లో సర్జన్ ఆ సొరంగం పైకప్పు కోసేసి, దాన్ని తెరిచిన కాలవలా చేస్తారు. ఇక అడుగునుంచి కొత్త కండ పుట్టుకుంటూ పైకి రావాలి. పాత బావి పూడ్చాలంటే అడుగునుంచి నింపుకుంటూ రావాలి కదా! నోటికి రేకు కప్పి పైన మట్టి పోస్తే బావి పూడినట్టు కాదు. ఇక్కడా అంతే. పైన చర్మం తొందరగా అతుక్కుపోతే లోపల ఖాళీ మిగులుతుంది, మళ్ళీ చీము పడుతుంది.

అందుకే మేం గాజుగుడ్డను గట్టిగా కుక్కం. గాయం అంచులు ఒకదానికొకటి అంటుకోకుండా, అడుగుకి తగిలేలా వదులుగా పెడతాం. పైపైన ఉన్న చిన్న గాయాలకైతే అది కూడా అక్కర్లేదు, పైన ప్యాడ్ పెట్టుకుంటే చాలు. డ్రెస్సింగ్ తీసినప్పుడు ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజలు పేర్చినట్టు కనిపిస్తే నాకు సంతోషం. పేషెంటు మాత్రం "లోపల కుళ్ళిపోతోందా సిస్టర్?" అని అడుగుతారు. కుళ్ళు కాదండీ, అదే కొత్త కండ. పాలిపోయి బూడిదరంగుకి తిరిగితే, అప్పుడు నేనే డాక్టర్ గారిని పిలుస్తాను.

అపోహ: "ఇంకా చెమ్మ కారుతోందంటే ఆపరేషన్ ఫెయిలైనట్టే."

తెరిచిన గాయం పూర్తిగా మూసుకునేదాకా ఎంతో కొంత కారుతూనే ఉంటుంది. లేత పసుపుగానో, కాస్త ఎర్రగానో ఉంటుంది, మోషన్ తర్వాత నాలుగు చుక్కల రక్తం కూడా పడొచ్చు. చూడాల్సింది కారుతోందా లేదా అని కాదు. పోయిన వారం కంటే తగ్గిందా, ఉన్నట్టుండి పెరిగిందా అన్నది చూడాలి.

ఆ తడికి ప్యాడ్ వాడమంటే మగవాళ్ళకి పెద్ద చిక్కు. ఒక లారీ డ్రైవరుకి శానిటరీ ప్యాడ్ పెట్టుకోమని చెబితే ముఖం తిప్పేసుకున్నాడు. ఇంటికెళ్ళి పాత లుంగీ గుడ్డ మడిచి పెట్టుకున్నాడట. వారానికి తొడల మధ్య చర్మం అంతా ఒరుసుకుపోయి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చాడు. ఆ తర్వాతిసారి నల్ల కవరులో, దాని మీద మళ్ళీ పేపరు చుట్టి, ప్యాకెట్ తెచ్చుకున్నాడు. తడి పీల్చే దూదికి ఆడా మగా తేడా తెలియదు. రోజుకి మూడు నాలుగుసార్లు మార్చుకోండి, అంతే.

సిగ్గు సంగతి వచ్చింది కాబట్టి, మా సర్జన్ గారు పేషెంట్లకి చెప్పే ముచ్చట ఒకటి చెబుతాను. ఫ్రాన్సు రాజు 14వ లూయీకి 1686లో చేసింది ఈ ఆపరేషనే, అదీ మత్తుమందు లేని కాలంలో. రాజుగారు కోలుకున్నాక కొందరు దర్బారువాళ్ళు తమకే జబ్బూ లేకపోయినా కింద కట్టు కట్టుకుని గొప్పగా తిరిగారట! మనం మాత్రం పక్కింటివాళ్ళకి "గ్యాస్ ట్రబుల్‌కి అడ్మిట్ అయ్యాను" అని చెబుతాం.

అపోహ: "పప్పు తింటే చీము పడుతుంది."

దీనితో నేను పోరాడినంతగా ఇంకే అపోహతోనూ పోరాడలేదు. పప్పు, గుడ్డు, వంకాయ, గోంగూర అన్నీ బంద్. నలభై రోజులు పథ్యం అంటూ చారన్నం, మజ్జిగన్నం పెడతారు. ఒకావిడ అలాగే చేసి మూడో వారానికి నీరసంగా వచ్చింది. గాయం చూస్తే తెల్లగా పాలిపోయి, ఎక్కడిదక్కడే ఉంది. దానికి తోడు మలబద్ధకం.

చీము అంటే క్రిములు, వాటితో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలు. పప్పు ముద్దకి, దానికి రంగులో పోలిక తప్ప ఇంకే సంబంధమూ లేదు. కొత్త కండ పుట్టాలంటే ప్రోటీన్ కావాలి, అది పప్పులోనూ గుడ్డులోనూ ఉంది. వంకాయ పడనివాళ్ళు వంకాయ మానేయొచ్చు, గాయం కోసమైతే మానక్కర్లేదు. కారం సంగతి వేరు. అది గాయం మానకుండా ఆపదు గానీ, మోషన్‌కి వెళ్ళినప్పుడు మంట పుట్టిస్తుంది. అందుకే ఆవకాయ మానేయమని నేను చెప్పను, నెల రోజులు తగ్గించమంటాను.

తోటకూర, బీరకాయ, సొరకాయ, జామ, బొప్పాయి, రాగి సంగటి, జొన్న రొట్టె పుష్కలంగా తినండి. నీళ్ళు రోజుకి రెండు, రెండున్నర లీటర్లు తాగాలి (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టర్ చెప్పినంతే). ఇసబ్గోల్ రాసిస్తే నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోండి. గుక్కెడు నీళ్ళతో మింగితే అది కడుపులో ఉబ్బి ఇంకా బిగదీస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో మాట. గాయం మానడం వంకాయ మీద కాదు, షుగర్ కంట్రోల్ మీద ఆధారపడి ఉంటుంది.

అపోహ: "తినకపోతే మోషన్ రాదు, గాయానికి విశ్రాంతి."

రెండు రోజులు పస్తుండి, నాలుగో రోజు రాయిలాంటి మలంతో ఏడ్చినవాళ్ళని చూశాను. మెత్తటి మలం ఎప్పుడు వచ్చినా నయమే. మొదటిసారి నొప్పిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర అరగంటో గంటో ముందు వేసుకుంటే చాలావరకు తట్టుకోవచ్చు. ట్రమడాల్ లాంటి మాత్రలు మలబద్ధకం చేస్తాయి. అవి రాసి ఉంటే, మోషన్ మెత్తబడే మందు కూడా ఉందో లేదో అడగండి.

అపోహ: "మలం తగిలితే సెప్టిక్ అవుతుంది, టబ్బులో డెట్టాల్ పోసి కూర్చోవాలి."

ఆ చోట రక్తప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి మలం తగిలినా గాయాలు మానుతాయి. కడుక్కుంటే చాలు. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, పది పదిహేను నిమిషాలు, రోజుకి మూడుసార్లు, మోషన్ తర్వాత తప్పనిసరిగా. మోచేయి ముంచి చూసుకోండి, హాయిగా ఉండాలి గానీ చురుక్కుమనకూడదు. డెట్టాల్ కొత్త కండని మండిస్తుంది. పర్మాంగనేట్ గింజలు గుప్పెడు వేసుకుని చర్మం కాల్చుకుని వచ్చినవాళ్ళున్నారు. ఉత్త నీళ్ళు చాలు. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. బాత్రూంలో స్ప్రే ఉంటే నెమ్మదిగా తిప్పండి.

అపోహ: "ఇండియన్ టాయిలెట్ వాడకూడదు, మంచం దిగకూడదు."

రెండూ తప్పే. ఏది సౌకర్యంగా ఉంటే అది వాడండి. వెస్టర్న్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే ముక్కాల్సిన పని తగ్గుతుంది. ఫోన్ మాత్రం బయట పెట్టి వెళ్ళండి. మర్నాటినుంచే ఇంట్లో నడవండి. రెండు మూడు వారాలు బైక్ వద్దు, మన రోడ్ల మీద అసలే వద్దు. మధ్యలో కన్నం ఉన్న దిండు కంటే మామూలు మెత్తటి దిండే మంచిదని నా అనుభవం.

అపోహ: "దారం లోపల మర్చిపోయారు."

మర్చిపోలేదు. సొరంగం కండరంలోంచి లోతుగా పోతే, ఒక్కసారే కోస్తే మోషన్ ఆపుకునే పట్టు పోతుంది. అందుకని సీటన్ అనే దారం వేస్తారు. వదులుగా వేసిన దారం చీము నిలవకుండా దారి ఇస్తుంది, నెలల తరబడి ఉండొచ్చు. ఆయుర్వేదంలో వేసే క్షారసూత్రం వేరు. ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి 21 పూతలు పూసిన దారం అది. వారం వారం మారుస్తూ ఉంటే కొద్దికొద్దిగా కోసుకుంటూ వస్తుంది. మన దేశంలో వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) క్షారసూత్రాన్నీ, మామూలు ఆపరేషన్‌నీ పోల్చి చూసింది. ఆ ఫలితాలు 1991లో వచ్చాయి: క్షారసూత్రంతో మానడానికి ఎక్కువ రోజులు పట్టింది గానీ, తిరగబెట్టడం తక్కువ. కాబట్టి ఇది మేలా, అది మేలా అని నాతో వాదించకండి. మీ సొరంగం ఎటు పోయిందో చూసి, నేర్చుకున్నవాళ్ళు తేల్చాలి. "ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు, భగందరం మాయం" అని గోడమీద రాసుకున్నవాళ్ళు మాత్రం కాదు. ఏ దారమైనా ఇంట్లో లాగొద్దు, కోయొద్దు. దానంతటదే ఊడిపడితే ఫోన్ చేయండి.

అపోహ: "పథ్యం తప్పాను, అందుకే తిరగబెట్టింది."

తిరగబెట్టడానికి కారణాలు మామూలుగా వంటింట్లో ఉండవు. లోపలి రంధ్రం దొరక్కపోవడం, పక్కకి పోయిన కొమ్మ మిగిలిపోవడం, గాయం పైనే అతుక్కుపోవడం, ఇవి ముఖ్యం. అందుకే చిక్కుగా ఉన్న కేసుల్లో ముందే ఎంఆర్ఐ తీయిస్తారు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే క్రోన్స్ అనే పేగు జబ్బు, టీబీ కూడా చూడాలి. టీబీ కోసం ముక్క పరీక్షకి పంపితే "క్యాన్సరా?" అని కుంగిపోకండి.

కొన్ని వారాలు గ్యాస్ ఆపుకోలేకపోవడం ఉండొచ్చు. చాలామందికి అది సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, మలమే జారుతున్నా డాక్టర్‌కి చెప్పాలి. ఈ సంగతి భార్యకి కూడా చెప్పకుండా దాచుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అపోహ: "ఆపరేషన్ అన్నాక ఇవన్నీ మామూలే, ఓర్చుకోవాలి."

కొన్ని ఓర్చుకోకూడనివి ఉన్నాయి. 100.4 దాటిన జ్వరం, గడ్డలుగా పడే రక్తం లేదా ప్యాడ్ తడిపేసి ఆగని రక్తం, తగ్గిన నొప్పి మళ్ళీ పెరగడం, పక్కన కొత్తగా గడ్డ, మూత్రం రాకపోవడం. ఈ చివరిది ఎక్కువగా ఆపరేషన్ రోజు రాత్రే, నడుముకి మత్తు ఇచ్చినవాళ్ళకి వస్తుంది. పొత్తికడుపు ఉబ్బి ప్రాణం పోతున్నా, డ్యూటీలో ఉన్నది ఆడపిల్ల అని మొహమాటపడి తెల్లారేదాకా కూర్చున్న పెద్దాయన ఒకరున్నారు. మంచం పక్కన బెల్ ఉంటుంది బాబాయ్, నొక్కండి.