పీరియడ్ సినిమాల్లో తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయంటే

పాత కాలం కథతో సినిమా వచ్చిన ప్రతిసారీ ఆ బట్టలు అప్పట్లో లేవు, ఆ కత్తి అప్పటిది కాదు అని కొందరు, సినిమానే కదా వదిలేయండి అని ఇంకొందరు. కానీ ఈ గొడవ సినిమా పుట్టకముందు నుంచే, నాటకాల కాలం నుంచే ఉంది.

ఒకప్పుడు స్టేజీ మీద ఏ కాలం రాజుకైనా నటులు ఎక్కువగా తమ కాలం బట్టలే వేసుకునేవాళ్లు, జనం కూడా పట్టించుకునేవాళ్లు కాదు. 1823లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో షేక్‌స్పియర్ 'కింగ్ జాన్' నాటకం వేసినప్పుడు జేమ్స్ ప్లాంషే అనే ఆయన పాత సమాధుల మీది శిల్పాలు, రాజముద్రలు, రాతప్రతుల్లో బొమ్మలు చూసి మరీ ఆ రాజు కాలం బట్టలు తయారు చేయించాడు. జనం నవ్వుతారేమో అని నటులు భయపడితే, తెర లేవగానే చప్పట్లు మోగాయి.

అలాగని స్టేజీ మీద కనిపించిందంతా నిజం కాదు, అసలు చిక్కంతా ఇక్కడే. 1876లో బైరాయిట్‌లో వాగ్నర్ అనే సంగీతకారుడి ఒపేరాకి (పాటలతో నడిచే నాటకం) డెప్లర్ అనే డిజైనర్ కొమ్ములున్న హెల్మెట్లు పెట్టాడు, అవే వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా సముద్ర యోధులైన వైకింగ్‌ల గుర్తుగా జనం మనసులో పాతుకుపోయాయి. వైకింగ్‌ల కాలం హెల్మెట్ ఒకటి 1943లో నార్వేలో దొరికింది, దానికి కొమ్ముల్లేవు. అయినా తర్వాత సినిమాల్లో అవే కొమ్ములు, ఎందుకంటే ఒక సినిమా ఇంకో సినిమాని చూసి తీస్తారు, ప్రేక్షకుడి కన్ను కూడా దానికే అలవాటు పడిపోతుంది.

హాలీవుడ్ పెద్ద స్టూడియోలకి రీసెర్చ్ డిపార్ట్‌మెంట్లు కూడా ఉండేవి, అయినా గౌను ఏ శతాబ్దందైనా హీరోయిన్ జుట్టూ మేకప్పూ మాత్రం సినిమా తీసిన ఏడాదివే, స్టార్ స్టార్‌లా కనబడాలి కదా. రోమన్ల గుర్రాలకి కాళ్లు పెట్టుకునే రికాబులు ఉండేవి కావు, సినిమాల్లో ఉంటాయి, ఫైటర్ కింద పడకూడదు కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను.

పట్టుదల ఉంటే ఎంత దూరం వెళ్లొచ్చో 1975లో 'బారీ లిండన్'లో చూశాం, కొవ్వొత్తుల వెలుగులోనే షూట్ చేయడానికి దర్శకుడు కుబ్రిక్, నాసా కోసం జైస్ కంపెనీ చేసిన లెన్సులు తెచ్చాడు. 1997 'టైటానిక్' కూడా అంతే శ్రద్ధగా తీసిందే, కానీ హీరోయిన్ రోజ్ నీళ్లలో తేలుతూ చూసే ఆకాశంలో నక్షత్రాలు తప్పు, పైగా సగం ఆకాశం మిగతా సగానికి అద్దంలో ప్రతిబింబమే అని ఖగోళ శాస్త్రవేత్త నీల్ టైసన్ పట్టుకున్నాడు. దర్శకుడు కామెరాన్ 2012 రీరిలీజ్‌లో ఆ నక్షత్రాల్ని మార్చాడు. పదిహేనేళ్ల తర్వాతైనా మార్చాడు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.