పద్యనాటకం పిల్లలకు ఎక్కదా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఆదివారాలు 9 నుంచి 13 ఏళ్ల పిల్లలకు రంగస్థల పద్యాలు నేర్పుతుంటాను. 1892లో కన్యాశుల్కం ఆడిన ఊరు కదా, ఇక్కడ నాటకమంటే వచనమే గుర్తొస్తుంది. పద్యం అనగానే పిల్లల కంటే పెద్దలకే టెన్షన్. వాళ్లు నాతో అనే మాటలివి.

అపోహ: ముందు గణాలు రావాలి, తర్వాతే పద్యం.

నేనూ మొదట్లో బోర్డు మీద యమాతారాజభానస (గణాలను, అంటే మూడేసి అక్షరాల గుంపులను, గుర్తుపెట్టుకునే సూత్రం) రాసే మొదలెట్టాను. మూడో వారానికి సగం మంది మానేశారు. ఇప్పుడు బోర్డు జోలికి పోను. ఊళ్ల పేర్లు పలికిస్తాను: తేలిక అక్షరానికి (లఘువు) వేలితో తట్టాలి, బరువైనదానికి (గురువు) చప్పట కొట్టాలి. "చీపురుపల్లిలో" అనిపించి, వెంటనే "చెల్లియొ చెల్లకో" అనే పద్యం మొదలు అనిపిస్తాను. దెబ్బలు రెండింటికీ ఒకటే! పకపకా నవ్వేస్తారు. అది ఉత్పలమాల అనే ఛందస్సు ఎత్తుగడ అని చెప్పేది ఆ నవ్వు అయ్యాకే. తర్వాత పక్క ఊరికి పోతాం: "గరివిడి దారిలో". చీపురుపల్లిలో "చీ"కి ఒక చప్పట పడితే, ఇక్కడ "గరి"కి రెండు తట్లు. మిగతా నడకంతా అదే. చంపకమాల వచ్చేసినట్టే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, 10వ చోట యతి (మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు). చంపకమాలకు 21, యతి 11వ చోట. ఆ ఒకటి ఎందుకు పెరిగిందో చేతులకు ముందే తెలుసు. శార్దూలానికీ మత్తేభానికీ కూడా ఇదే చుట్టరికం.

అపోహ: దీర్ఘం ఉంటేనే గురువు.

కాదు. "పల్లి"లో "ప" పొట్టిదే, తర్వాత "ల్లి" అనే జంట అక్షరం ఉంది కాబట్టి బరువెక్కింది.

అపోహ: ప్రతిపదార్థం చెబితే పద్యం అర్థమైనట్టే.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు నాటకంలో, రాయబారానికి వచ్చిన కృష్ణుడు దుర్యోధనుణ్ణి హెచ్చరించే "జెండాపై కపిరాజు" పద్యం తీసుకోండి. "సిత అంటే తెల్లని, వాజి అంటే గుర్రం" అని రాయించేస్తే పిల్లలకు రథం కనిపించదు. నేను కళ్లు మూసుకోమని, వరసగా ఏం కనిపిస్తోందో చెప్పమంటాను. జెండా, తెల్ల గుర్రాలు, తోలేవాడి చేతిలో కర్ర, రథం, లాగిన వింటినారి. అర్జునుడి పేరు (ఫల్గుణుడు) మూడో పాదం దాకా రాదు. ఎందుకలా అని అడిగితే ఓ పదేళ్ల పిల్ల అంది: "సిరిమాను కూడా అంతే కదండి మాస్టారూ! దూరం నుంచి మాను చివరే ముందు అగుపడతాది, కింద బండి తర్వాతే." పైడితల్లి పండగలో సిరిమాను, అంటే బండికి కట్టిన పొడవాటి మాను, ఊరేగడం చూసిన పిల్లకు ఇంకేం చెప్పాలి!

ఇంకో సంగతి. జెండా, దండం, గాండీవం: ప్రాస పడిన (పాదంలో రెండో అక్షరం కలిసిన) ఈ మూడూ బొమ్మ గీయగలిగే వస్తువులే. మా పిల్లలు పద్యాన్ని ముందు గీస్తారు, తర్వాతే కంఠస్థం. మధ్యలో మర్చిపోతే బొమ్మలో తర్వాత ఏముందో గుర్తుచేసుకుంటారు.

అపోహ: గొంతు లేకపోతే పద్యం దండగ.

స్టేజీ మీద వన్స్‌మోర్లు తెచ్చిపెట్టిన నమ్మకం ఇది. నాటకంలో పద్యానికి తాళం ఉండదు కాబట్టి హార్మోనియం తోడుగా నటుడు ఎంతసేపైనా సాగదీస్తాడు. ఆ సాగదీత పిల్లలు ముందే పట్టుకుంటే మాట విరిగిపోతుంది, "కపిరాజు" కాస్తా "కపీ... రాజు" అవుతాడు. అందుకే మా దగ్గర మొదటి నెల రాగం లేదు. కోపంగా అనాలి, గుసగుసగా అనాలి, నడుస్తూ అనాలి.

అపోహ: మన శ్రీకాకుళం, విజయనగరం యాసకు పద్యం పలకదు.

ఒక పోటీలో మా పిల్లవాడు మైకు దగ్గర పేరూ ఊరూ చెప్పుకుంటుంటే జడ్జీ ఒకాయన యాస విని నవ్వాడు. వాడు నెల రోజులు క్లాసుకు రాలేదు. యాస మాటల్లో ఉంటుంది, పద్యంలో కవి రాసిన మాటే ఉంటుంది కదా! నేను దిద్దేది ఖ, ఫ లాంటి ఒత్తక్షరాలే. "ఫల్గుణుడు" అన్నప్పుడు పిల్లలందరూ, సిటీ పిల్లలతో సహా, "ఫ్యాన్"లో "ఫ" పలుకుతారు. పెదాలు రెండూ కలిపి వదలాలి. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకోమంటాను, పెదాలు విడిన క్షణంలో అది ఒక్కసారిగా ఎగిరితే సరిగ్గా పలికినట్టు.