టీవీ షోల క్యాసెట్లు, డిస్కులు: ధరల చుట్టూ అపోహలు - వాస్తవాలు

డాలస్‌లో ఉంటాను. శని, ఆదివారాల్లో పాత క్యాసెట్లు, డీవీడీలు కొని అమ్ముతాను. ఎవరైనా వీహెచ్‌ఎస్ టేపులు తెస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను. ఈ పిచ్చి విజయవాడలో మా బాబాయి క్యాసెట్ల షాపులో అంటుకుంది. పండగలకీ పబ్బాలకీ కలర్ టీవీ, డెక్కు కలిపి ఒక రాత్రికి అద్దెకిచ్చేవాడాయన. పొద్దున్నే వాటిని వెనక్కి తెచ్చే డ్యూటీ నాది. ఇప్పుడు షోల సెట్లు పోగేయాలని సరదాపడేవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

అపోహ: "పాతరోజుల్లో చవగ్గా దొరికేవి, ఇప్పుడే మండిపోతున్నాయి."

సినిమాల సంగతి వేరు. టీవీ షోల విషయంలో మాత్రం ఇది పూర్తిగా తలకిందులు. స్టార్ ట్రెక్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ షో ఉంది, అందులో మొదటి, పాత సిరీస్ సంగతే చూడండి. 1980ల మధ్యలో దాన్ని వీహెచ్‌ఎస్‌లో తెచ్చినప్పుడు క్యాసెట్‌కి ఒక్కటే ఎపిసోడ్. ధర దాదాపు 15 డాలర్లు. మొత్తం 79 ఎపిసోడ్లు. అంటే 1,185 డాలర్లు, అదీ ఆనాటి డాలర్లలో! బీరువాలో రెండు అరలు వాటికే పోయేవి. 1999లో అదే షోని డీవీడీల్లో విడివిడిగా వదలడం మొదలుపెట్టారు. డిస్కుకి రెండు ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 20 డాలర్లు, మొత్తం 40 డిస్కులు. ఆ లెక్కన 800. చివరి డిస్కు 2001 ఆఖర్లో వచ్చింది. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నవాళ్లకి 2004లో సీజన్ మొత్తం ఒకే పెట్టెలో పెట్టి చూపించారు. ఆ 40 డిస్కులూ ఇప్పుడు నా దగ్గరకి అట్టపెట్టెల్లో వస్తుంటాయి. తెచ్చినాయన ముఖంలోకి చూస్తూ ధర చెప్పడం నాకు చేతకాదు.

సీజన్ పెట్టెల దారి తెరిచింది ఎక్స్-ఫైల్స్ అనే షో. 2000లో మొదటి సీజన్ సెట్ వచ్చినప్పుడు దాని మీద రాసిన ధర 150 డాలర్ల దగ్గర. అమ్మో అన్నారు జనం. కానీ అందులో 24 ఎపిసోడ్లు ఉన్నాయి, ఎపిసోడ్‌కి ఆరు డాలర్ల పైచిలుకు పడింది. క్యాసెట్ రోజుల్లో పదిహేను పెట్టినవాడికి అది లాభమే. అందుకే నేను అమ్మే ప్రతి సెట్ మీదా మొత్తం ధర పక్కన ఎపిసోడ్ ధర కూడా రాసిపెడతాను. బేరాలు సగం తగ్గాయి.

క్యాసెట్ అంత ఖరీదు ఎందుకైందంటే, అందులో చోటు తక్కువ. మామూలుగా దొరికే టీ-120 రకం టేపులో మంచి క్వాలిటీతో పట్టేది రెండు గంటలే. ముప్పావుగంట ఎపిసోడ్లు 24 ఉంటే, ఏదీ మధ్యలో తెగకుండా పెట్టాలంటే పన్నెండు క్యాసెట్లు కావాలి. డిస్కయితే అచ్చులో పెట్టి సెకన్లలో కొట్టేస్తారు. చవగ్గా అమ్మిన కొన్ని క్యాసెట్లని ఈపీ స్పీడులో, అంటే టేపుని నెమ్మదిగా తిప్పుతూ, రికార్డు చేశారు. ఆ స్పీడులో అదే టేపు మీద ఆరు గంటలు పడతాయి కానీ బొమ్మ మసకబారుతుంది. పెట్టె మీద స్పీడు చూడకుండా చవకని కొంటే డబ్బు దండగ.

అపోహ: "పాత క్యాసెట్లకి లక్షలొస్తాయట కదా!"

2022లో అమెరికాలో ఒక వేలంలో బ్యాక్ టు ద ఫ్యూచర్ క్యాసెట్ 75,000 డాలర్లకు పోయింది. అది సినిమా, సీలు తీయనిది, పైగా ఆ సినిమాలో నటించినాయన సొంత కాపీ. ఇంట్లో పదిసార్లు చూసిన సీరియల్ టేపుకి దానికీ పోలికే లేదు. ఆన్‌లైన్‌లో ఎవరో అడుగుతున్న ధర చూసి నాకు ఫోన్ చేయకండి. అమ్ముడైన ధరలు వేరే కనిపిస్తాయి, అవి చూడండి.

అపోహ: "సెట్ కొన్నామంటే షో మొత్తం మన చేతికి వచ్చినట్టే."

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. షో ప్రసారమైనప్పుడు వాడుకున్న పాటలకి హక్కులు టీవీ వరకే తీసుకునేవారు. క్యాసెట్, డిస్కు అనేసరికి మళ్లీ డబ్బు కట్టాలి. డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి అనే షో కథంతా రేడియో స్టేషన్‌లోనే. 2007లో మొదటి సీజన్ డీవీడీ వస్తే అందులో చాలా పాటలు తీసేసి వేరే సంగీతం పెట్టారు. రేడియో స్టేషన్ కథలో పాటలు మార్చేస్తే ఇక మిగిలేదేముంది? ఎక్కువ పాటలు తిరిగి చేర్చిన సెట్ 2014లో గానీ రాలేదు. అంటే ముందు కొన్నవాళ్లు రెండోసారి జేబులో చెయ్యి పెట్టాలి. ద వండర్ ఇయర్స్ అయితే ఈ పాటల గొడవతోనే 2014 దాకా పూర్తి సెట్‌గా రాలేదు.

ఫ్రెండ్స్ విషయం ఇంకో రకం. అమెరికాలో వచ్చిన డీవీడీల్లో టీవీలో వేయని ముక్కలు కలిపిన నిడివైన ఎపిసోడ్లు ఉన్నాయి. 2012లో బ్లూరేలో, అంటే డీవీడీ కన్నా స్పష్టంగా బొమ్మ చూపించే తర్వాతి రకం డిస్కులో, టీవీలో వేసినవే ఉన్నాయి. బొమ్మ బాగుంది, నిడివి తగ్గింది. రెండూ కావాలంటే రెండూ కొనాలి. కాబట్టి "కొత్త ఫార్మాట్ వచ్చింది, పాతవి అమ్మేస్తా" అనేవాళ్లని ఆగమంటాను. స్టార్ ట్రెక్‌లోనే తర్వాత వచ్చిన డీప్ స్పేస్ నైన్, వాయేజర్ లాంటి షోలు అసలు బ్లూరేలోకే రాలేదు.

అపోహ: "ప్లేయర్‌దేముంది, ఎక్కడైనా దొరుకుతుంది."

క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లు కొత్తవి చివరి వరకు తయారుచేసిన జపాన్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. బెల్టులు సాగిపోయి, టేపుని చదివే హెడ్లు అరిగిపోయి ఉంటాయి. మెషిన్ కన్నా బాగుచేయించడానికే ఎక్కువవుతుంది. బూజు పట్టిన టేపు ఒక్కటి పెట్టారంటే ఆ బూజు హెడ్లకి అంటుకుని తర్వాత పెట్టే టేపులకీ పాకుతుంది. ఒకసారి గరాజ్‌లో ఏళ్లపాటు పడున్న క్యాసెట్‌ని చూసుకోకుండా పెట్టాను. ఆ వారమంతా స్పిరిట్‌తో హెడ్లు తుడుచుకోవడమే సరిపోయింది.

అపోహ: "ఇక్కడ కొని ఇంటికి పంపిస్తే నాన్నగారు చూసుకుంటారు."

డిస్కులకి ఏ దేశాల్లో ఆడాలో చెప్పే రీజియన్ తాళం ఉంటుంది. అమెరికా డీవీడీ రీజియన్ 1, ఇండియా రీజియన్ 5. బ్లూరేకి అయితే ఇక్కడ ఎ, అక్కడ సి. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ ఉంటే తప్ప ఆ డిస్కు అక్కడ ఆడదు. గుంటూరుకి సెట్ పంపి, తీరా ఆడక, మళ్లీ ప్లేయర్ పంపినాయన నాకు తెలుసు. రెండు పార్శిళ్ల ఖర్చు సెట్ ధరని దాటిపోయింది. మనవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ అనే ఇండియా కంపెనీ సినిమా వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మింది. డిస్కంటే ముప్పై రూపాయల సరుకని అప్పుడు మనసులో పడిపోయింది. సీజన్‌కి 30 డాలర్లు అంటే ఇప్పటికీ నన్ను దొంగని చూసినట్టు చూస్తారు.

అపోహ: "ఓటీటీ ఉండగా ఇదంతా దండగ."

ఒక్కసారి చూసి వదిలేసే షో అయితే నిజమే, దండగే. అంతకన్నా చవక దారి కూడా ఉంది. ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీల్లో సీజన్ సెట్లు ఉచితంగా ఇస్తారు. మళ్లీ మళ్లీ చూసే షో అయితే మాత్రం, రేపు ఏ యాప్‌లోకి మారుతుందో, ఏ పాట తీసేస్తారో చెప్పలేం.

ఒక్క డిస్కు పోతే ఎంత ఖర్చు అని చాలామంది అడగరు. జవాబు: సెట్ మొత్తం ఖర్చు. ఆ ఒక్క డిస్కు విడిగా దొరకడం అదృష్టం ఉంటేనే. అందుకే వాడిన సెట్ కొనేటప్పుడు అక్కడే పెట్టె తెరిచి డిస్కులు లెక్కపెట్టండి, అంకెలు చూడండి. ఒకే డిస్కు రెండుసార్లు పెట్టిన పెట్టెలు కూడా నా చేతిలో పడ్డాయి. నా గరాజ్‌లో ఇలా ఒంటరివైపోయిన డిస్కులు ఒక అరనిండా ఉన్నాయి. మీ దగ్గర ఎక్స్-ఫైల్స్ మూడో సీజన్ నాలుగో డిస్కు ఒక్కటే మిగిలిపోయి ఉంటే చెప్పండి. మిగతావన్నీ నా దగ్గరున్నాయి.