తాకకుండా వేడిని కొలవడం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

సూర్యుడి నడిబొడ్డుకన్నా వేడెక్కే వాయువును ఏ థర్మామీటరుతో కొలుస్తారని మీలో చిన్నవాడు అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది. విశ్వవిద్యాలయంలోని ఫ్యూజన్ పరిశోధనశాలలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా నేను చేసిన పనంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగినదే. సూర్యుడి కేంద్రంలో వేడి సుమారు కోటిన్నర డిగ్రీలు. భూమి మీద హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి (ఇదే ఫ్యూజన్) శక్తిని రాబట్టాలంటే అంతకు ఆరేడు రెట్లు, 10 కోట్ల డిగ్రీలకు పైగా, కావాలి. థర్మామీటరు తాను వేడెక్కితేనే వేడి ఎంతో చెప్పగలదు. అంతటి వేడికి తట్టుకునే లోహమూ లేదు, గాజూ లేదు. పైగా లోపలికి ఏది దూర్చినా ప్లాస్మా, అంటే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన ఆ వాయువు, చల్లబడిపోతుంది.

నా బడిరోజుల్లో వాన కురిస్తే మమ్మల్ని మైదానానికి పోనివ్వక ఒక పెద్ద గదిలో వదిలేవారు. గోడకూ గోడకూ మధ్య మేము పెట్టిన పరుగులకు లెక్క లేదు. అలాంటి గది గుమ్మం దగ్గర మీరు కళ్లు మూసుకుని నిలబడి, ఒకే వేగంతో బంతులు లోపలికి విసురుతున్నారనుకోండి. చాలా బంతులు ఎవరికీ తగలక అవతలి కిటికీలోంచి పోతాయి. ఎదురుగా పరుగెత్తుకొచ్చేవాడికి తగిలినది జోరుగా, దూరంగా పరుగెత్తేవాడికి తగిలినది నెమ్మదిగా తిరిగివస్తుంది. పిల్లలు కుదురుగా ఉన్నప్పుడు ఆ వేగాల్లో తేడా తక్కువ. అల్లరి ముదిరేకొద్దీ తేడా పెరుగుతుంది. ఎన్ని బంతులు తిరిగొచ్చాయో చూస్తే లోపల ఎంతమంది ఉన్నారో కూడా తెలుస్తుంది. మేము విసిరే బంతి లేజర్ కాంతి, పరుగెత్తే పిల్లలు ఎలక్ట్రాన్లు. బంతి వేగం మారినట్టు ఇక్కడ కాంతి రంగు మారుతుంది. తిరిగొచ్చిన కాంతి రంగు ఎంత వెడల్పుగా విచ్చుకుంటే ప్లాస్మా అంత వేడి. దీన్ని థామ్సన్ స్కాటరింగ్ అంటారు. ఆ గదిలో అరుపులూ ఉంటాయి సుమా! ప్లాస్మా తనంతట తానే వెలుగుతుంది కనుక, ఆ వెలుగులోంచి మన కాంతిని ఏరుకోవాలి.

1968లో సోవియట్ శాస్త్రవేత్తలు తమ టీ-3 టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంతాలతో ఉంగరం ఆకారంలో బంధించే యంత్రం) కోటి డిగ్రీల స్థాయి వేడి సాధించామని ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని కల్హమ్ ప్రయోగశాల బృందం తమ లేజర్ పరికరాలతో మాస్కో వెళ్లి, ఈ పద్ధతిలోనే కొలిచి, అది నిజమేనని తేల్చింది. రెండు దేశాల ప్రభుత్వాలు ఒకదాన్నొకటి నమ్మని రోజులవి. ఆ కొలత తరువాతనే ప్రపంచంలోని ప్రయోగశాలలు టోకమాక్ వైపు మళ్లాయి. యంత్రం కట్టినవారిని తలచుకునేటప్పుడు కొలిచినవారినీ తలచుకోండి.

నా వంతు పని ఆ సన్నని కాంతిని కాపాడడం. లేజర్ మెరుపు సెకనులో సుమారు 10 కోట్లవ వంతు మాత్రమే ఉంటుంది. డిటెక్టరు సరిగ్గా అప్పుడే మేలుకొని ఉండాలి. అదే షాట్‌లో, అంటే యంత్రాన్ని ఒక్కసారి నడిపే ఆ కొద్ది సమయంలో, అయస్కాంతపు చుట్టల్లో వేల ఆంపియర్ల కరెంటు పారి, దగ్గరున్న ప్రతి తీగలోనూ అక్కరలేని వోల్టేజీని పుట్టిస్తుంది. అందుకే సిగ్నల్‌ను తీగకు బదులు ఆప్టికల్ ఫైబర్‌లో (కాంతిని మోసే సన్నని గాజు పోగు) పంపుతాము, గ్రౌండింగ్ (పరికరాలను నేలకు కలిపే తీగ) ఒక్కచోటే ఇస్తాము, తెలిసిన వెలుగుతో డిటెక్టర్లను ముందుగా సరిచూసుకుంటాము. తెర మీద కనిపించిన గీత తీగలది కాదు, ప్లాస్మాదేనని విద్యార్థులకు ధైర్యంగా చెప్పగలిగిన రోజున నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ రాత్రి దీపాలన్నీ ఆర్పి, ఒకరు టార్చి వేసి గోడవైపు పట్టండి, తక్కినవారు పక్కన నిలబడండి. గాలిలో ధూళి ఉంటే కాంతి వెళ్లే దారి మీకు కనిపిస్తుంది. గోడవైపు పంపిన వెలుగు పక్కనున్న మీ కంటికి ఎలా చేరిందో మీలో మీరు వాదించుకుని, తోచినది నాకు రాయండి.

మీ తాతయ్య