మరవ పోయే చెరువు నుంచి వెయ్యి అడుగుల బోరు దాకా: చిత్తూరు సీమ నీళ్ళ వెనక కథ

కుప్పానికి కృష్ణా నీళ్ళు వచ్చాయి. శ్రీశైలం వెనక జలాల్లో మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్ళు ఏడువందల కిలోమీటర్లకు పైగా పారి, 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కుప్పం బ్రాంచి కాలువకు చేరినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చి హారతులు పట్టాయి. నీళ్ళకు మొహంవాచిన చోట ఆ సంతోషం సహజం. కానీ ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. పక్కనున్న అనంతపురం కంటే ఇది చాలా ఎక్కువ. అంత వాన పడే సీమ నీళ్ళ కోసం శ్రీశైలం దాకా చేయి చాచాల్సి ఎందుకొచ్చిందో తెలియాలంటే వెనక్కి పోవాలి.

ముందు నేల సంగతి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు సముద్రమట్టానికి 600 నుంచి 700 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు దిగితే పల్లం. పైన నైరుతి వానలు ముఖ్యం, కింద కార్తీక మాసపు తుఫాన్లు ముఖ్యం. ఏడాదంతా పారే ఏరు ఒక్కటీ లేదు. బాహుదా, పించా ఉత్తరానికి పోయి చెయ్యేటి ద్వారా పెన్నలో కలుస్తాయి. స్వర్ణముఖి తూర్పుకు పోయి సముద్రంలో కలుస్తుంది. నీవా దక్షిణానికి పోయి పొన్నై పేరుతో పాలారులో పడుతుంది. ఆ పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు మాత్రం పారి తమిళనాడుకు వెళ్ళిపోతుంది. అక్కడ డ్యామ్ కడతామన్నందుకే 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దానికి ఆధారం 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం. అంటే పైనుంచి వచ్చే నీటిని ఈ సీమ ఆపుకునే వీల్లేదు, తన మీద పడ్డ నీటిని కూడా ఇష్టమొచ్చినట్టు ఆపుకునే వీల్లేదు.

1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని తీసి, జమీన్లు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. అప్పటికే ఇక్కడి సేద్యమంతా చెరువుల మీద నిలబడి ఉంది.

ఇక్కడి చెరువు ఒంటరిది కాదు. పై చెరువు నిండి మరవ పోతే ఆ నీళ్ళు వంకలో దిగి కింది చెరువుకు చేరతాయి. అలా పది పన్నెండు చెరువులు ఒకే గొలుసు. ఒక్కో చెరువుకు మట్టికట్ట, నీళ్ళు వదిలే తూము, మిగులు నీళ్ళు పోయే మరవ, నీళ్ళు తెచ్చే వంక, కింద కయ్యలు, అంటే వరి మడులు. ఏ కయ్యకు ఎంతసేపు పారాలో చూసేవాడు నీరుగట్టి. పంటలో అతనికి వాటా ఉండేది. మరవ మట్టం అరడుగు పెంచితే పైన పొలాలు మునుగుతాయి, అరడుగు తగ్గితే కింద ఆఖరి కయ్య ఎండుతుంది. అందుకే మరవ రాయి కదిపితే తగాదాలు వచ్చేవి. మరమ్మతుకు దశబంధం అనే ఇనాం ఉండేది. చెరువు కట్టినవాళ్ళకో, బాగుచేసేవాళ్ళకో కొంత భూమి ఇచ్చేవారు, దాని ఫలసాయంతో వాళ్ళు చెరువును కాపాడాలి. కడప, చిత్తూరు ప్రాంతాల్లో ఈ పద్ధతి బాగా ఉండేది.

ఇది స్వర్ణయుగమేమీ కాదు. పూడిక తీసే చాకిరీ ఎక్కువగా భూమి లేనివాళ్ళదే, నీళ్ళు తడిపేది భూమి ఉన్నవాళ్ళ కయ్యల్నే. కుడిమరామత్తు, అంటే ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకునే పనికి రానివాళ్ళను చట్టంతో రప్పించడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. ఇష్టంగా జరిగే పనికి అలాంటి చట్టం అక్కరలేదు. ఇనాముల సెటిల్మెంటు తర్వాత దశబంధం భూములు మామూలు సొంత భూముల్లా మారుతూ వచ్చాయి, వాటి వెంట ఉన్న బాధ్యత జారిపోయింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీన్ల చెరువులు ప్రభుత్వానికి వచ్చాయి. తర్వాత నూరెకరాలలోపు ఆయకట్టు ఉన్నవి పంచాయతీల కిందికి, పెద్దవి నీటిపారుదల శాఖ కిందికి పోయాయి. చెరువు ఒకరిది, వంక ఇంకొకరిది, వంకలో లేచిన ఇళ్ళ పట్టాలు మరొకరివి. ఆ చీలిక ఖరీదు 2021 నవంబరులో తిరుపతి చూసింది. స్వర్ణముఖి పొంగి, వంకలు మూసుకుపోయిన కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్ళను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

చెరువు చెడుతున్న కాలంలోనే బావి లేచింది. మొదట కపిల బావులు. జత ఎద్దులు తోలితే తోలుబాన పైకి వచ్చేది. బావి లోతు ముప్పై నలభై అడుగులు. ఎద్దులు లాగగలిగినంతే నీళ్ళు తోడగలరు కాబట్టి భూమి లోపలి నీటికి అదే కాపలా. తర్వాత ఆయిలింజన్లు, భూమి తనఖా బ్యాంకు అప్పులు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాక పల్లె పల్లెకూ కరెంటు. ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున శ్లాబు పెట్టింది. ఎంతసేపు తోడినా బిల్లు అంతే. తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోర్లు వేసే రిగ్గు బండ్లు ఊళ్ళలోకి దిగాయి. 2004 మేలో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కరువులో నలిగిన రైతుకు అది పెద్ద ఊరట, దాన్ని కాదనలేం. కానీ తోడే చేతికి ఉన్న ఆఖరి అడ్డు కూడా దాంతో పోయింది.

ఇక్కడ భూమి లోపల ఉన్నది ఇసుక కాదు, గట్టి నల్లరాయి. పైన కొన్ని పదుల అడుగులు మెత్తబడ్డ రాయి, కింద బండ, బండలో అక్కడక్కడా పగుళ్ళు. భూగర్భజల అంచనాలకు ప్రభుత్వం వాడే ప్రమాణాల ప్రకారం ఇలాంటి నేలలో వానలో 8 నుంచి 11 శాతం లోపలికి ఇంకుతుంది. 900 మిల్లీమీటర్ల వానలో 9 శాతం అంటే 81 మిల్లీమీటర్లు. ఎకరానికి 1 మిల్లీమీటరు నీరంటే 4 ఘనమీటర్లు. కాబట్టి ఒక ఎకరం నేల ఏడాదికి తనలోకి తీసుకునేది సుమారు 325 ఘనమీటర్లు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 4,800 ఘనమీటర్ల పైచిలుకు కావాలి. దాదాపు పదిహేనెకరాల మీద ఇంకిన వానంతా కలిస్తే గానీ ఒక ఎకరం వరికి సరిపోదన్నమాట. ఎండాకాలం చెనిక్కాయకు (వేరుశనగకు) ఎకరాకు 2,000 ఘనమీటర్లకు పైగా అవసరం, అది ఆరేడెకరాల వాన. మెత్తరాయిలో నీటిని పట్టి ఉంచే ఖాళీ వందకు ఒకటి నుంచి మూడు పాళ్ళు మాత్రమే. ఒకటిన్నర పాళ్ళనుకుంటే, ఎకరం కింద నీటిమట్టం మీటరు దిగితే వచ్చేది 60 ఘనమీటర్లు. నాలుగు రోజులు మోటరు ఆడితే మట్టం దిగిపోవడానికి కారణం ఇదే.

పాయింటు పెట్టించుకుని బోరు వేయించే రైతుకు ఏం జరుగుతుందో చూడండి. ఆరున్నర అంగుళాల బోరు. మెత్తమట్టి దాటి బండ తగిలేదాకా కేసింగు దించాలి. నాలుగు పైపులు మిగుల్చుకుందామని కేసింగు పైనే ఆపితే తొలి వానకే మట్టి జారి మోటరు మీద కూర్చుంటుంది, ఇక అది పైకి రాదు. మూడొందల అడుగుల దాకా జల పడకపోతే ఇంకో వంద, ఇంకో రెండొందలు అంటారు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, పైనున్న రాతి బరువుకు పగుళ్ళు మాత్రం తగ్గుతాయి. ఎనిమిది వందల అడుగుల దగ్గర రెండంగుళాల నీళ్ళు తగిలితే ఇల్లంతా పండగ. కానీ ఆ పగులులో ఉన్నది చాలాసార్లు పాత నిల్వే. పక్క పొలం బోరు కూడా అదే పగులుకు తగిలి ఉంటే ఇద్దరూ ఒకే కుండలోంచి తాగుతున్నట్టు. ఎవరి బోరు లోతు ఎక్కువో వాళ్ళే చివరిదాకా తాగుతారు. నీళ్ళు తగ్గినప్పుడు సబ్‌మెర్సిబుల్ మోటరు గాలి తాగుతుంది. దాన్ని చల్లబరిచేదే చుట్టూ ఉన్న నీరు కాబట్టి వైండింగు కాలిపోతుంది. వోల్టేజి తక్కువగా ఉన్న రాత్రుల్లో ఇది ఇంకా ఎక్కువ. రెండో బోరుకు అప్పు, మూడో బోరుకు నగలు. రెండెకరాల రైతు అక్కడితో ఆగిపోయి బెంగళూరు బస్సెక్కుతాడు, పదెకరాలున్న రైతు నాలుగో బోరు వేస్తాడు. చట్టం ఎవరినీ వెళ్ళగొట్టలేదు, లోతు వెళ్ళగొట్టింది. ఈ సీమ వలసల గురించి రాసేటప్పుడు వాన లెక్కతో పాటు బోరు లోతు లెక్క కూడా వేయాలి.

పేద దేశాల అభివృద్ధి మీద ప్రపంచమంతా నడిచిన వాదనకు 1990ల చివర్లో కుప్పం వేదికయింది. ఇజ్రాయెల్ పద్ధతిలో చిన్న కమతాలను కలిపి, గట్లు తీసేసి, డ్రిప్పుతో, నీళ్ళలోనే ఎరువు కలిపి ఇచ్చే సేద్యం అక్కడ చేసి చూపారు. 1999లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన విజన్ 2020 పత్రం వ్యవసాయం మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలంది. బ్రిటన్ సాయం అందుతున్న రాష్ట్రం కావడంతో అక్కడా దీని మీద గొడవ అయింది. 2001లో మెదక్ జిల్లాలో ‘ప్రజాతీర్పు’ పేరుతో సన్నకారు రైతులే జ్యూరీగా కూర్చుని ఆ దారి మాకొద్దన్నారు. సేద్యం వదిలిన ముప్పై శాతం మంది ఎక్కడికి పోవాలన్న వాళ్ళ ప్రశ్న న్యాయమైనది, దానికి పత్రంలో సరైన జవాబు లేదు. అయితే విజన్‌ను తిట్టినవాళ్ళు కూడా ఒకటి వదిలేశారు. పాత సేద్యమే ఉంచినా, కొత్త సేద్యం తెచ్చినా, ఎకరానికి ఇంకేది 325 ఘనమీటర్లే. డ్రిప్పు మీద కూడా ఇదే మాట. 2003లో రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం మొదలైంది, సబ్సిడీతో డ్రిప్పు లైన్లు పల్లెలకు చేరాయి. సెకనుకు లీటరున్నర పోసే బోరు తొమ్మిది గంటల్లో 48 ఘనమీటర్లు ఇస్తుంది. వరికైతే అది ఒక ఎకరానికే సరి, డ్రిప్పు మీద టమోటాకైతే రెండెకరాలకు పైగా వస్తుంది. మిగిలిన నీళ్ళు భూమిలో ఆగాయా? చాలాచోట్ల రెండో ఎకరం టమోటాకు పోయాయి. రైతును తప్పుపట్టలేం. ఒకడు ఆపిన నీళ్ళను పక్కవాడి బోరు లాగేస్తున్నప్పుడు ఎవరు మాత్రం ఆపుకుంటారు?

2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లకు రిజిస్ట్రేషను అంది, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోరు వేయకూడదంది. రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి తెల్లవారేలోగా వెళ్ళిపోయే చోట అది కాగితంలోనే ఎక్కువ నిలిచింది. నీరు-మీరు, నీరు-చెట్టు పథకాలు చెక్‌డ్యాములు కట్టాయి, పూడిక తీశాయి. మంచి పనే, కానీ పై వంకలో వరసగా చెక్‌డ్యాములు కడితే కింది చెరువు నిండడం తగ్గుతుంది. పైవాళ్ళ బోర్లు కోలుకుంటాయి, కిందివాళ్ళ మరవ ఎండుతుంది. స్వర్ణముఖి ఇసుక తవ్వకంతో ఏటి ఒడ్డు ఊటకాలువలకూ అదే గతి పట్టింది.

ఈ చరిత్రలో లెక్కను రైతు చేతికి ఇచ్చిన ప్రయత్నం ఒకటుంది. 2003 తర్వాత చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, రైతులే నడుపుకునే భూగర్భజల పథకం నడిచింది. ఊళ్ళో వానమాపకం పెట్టి, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచి, ఒక్కో మోటరు ఎంత పోస్తోందో డ్రమ్ము పెట్టి చూసి, అక్టోబరులో అందరూ కూర్చుని గోడ మీద లెక్క రాసేవారు. ఎంత ఇంకింది, ఎంత మిగిలింది, ఈ యాసంగిలో ఏ పంట ఎన్నెకరాలు వేస్తే ఎంత లోటు. నువ్వు వరి వేయొద్దని ఎవరూ అనేవారు కాదు. లోటు కనబడితే చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. పథకం డబ్బు ఆగాక చాలా ఊళ్ళలో కొలవడం ఆగింది.

ఇప్పుడు కాలువ వచ్చింది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. కుప్పం దానికి 400 మీటర్లు పైన. ఒక టీఎంసీని అంత ఎత్తు లేపాలంటే నష్టాలు కలుపుకుని దాదాపు 4 కోట్ల యూనిట్ల కరెంటు. అవి కూడా కృష్ణలో వరద ఉన్న రోజుల్లో ఎత్తిపోయాల్సిన నీళ్ళే. కుప్పం కాలువ కింద 110 చెరువులు నింపి, 6,300 ఎకరాలు తడపాలన్నది లక్ష్యం. చెరువు నిండితే కట్ట కింద బోర్లు ముందు కోలుకుంటాయి. కట్టకు పైన, గుట్ట వాలులో ఉన్న మెట్ట రైతు బోరుకు ఆ నీళ్ళు ఎక్కవు. తూము షట్టరు తుప్పు పట్టి మూసుకోకపోతే నెల రోజుల్లో చెరువు మళ్ళీ ఖాళీ. అందుకే ఆ 110 చెరువుల దగ్గర చూడాల్సినవి మూడు: తూము మూసుకుంటుందా, మరవ పాత మట్టంలోనే ఉందా, కట్ట కింద బోర్లలో మట్టం కొలిచి గోడ మీద రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా.