మిడిల్‌బర్గ్ వైనరీ నుంచి సుప్రీంకోర్టు దాకా

రాష్ట్ర సరిహద్దులు దాటించి వైన్‌ను నేరుగా ఇళ్లకు పంపే హక్కు ఎవరికి ఉండాలన్న వివాదం అమెరికాలో మళ్లీ రాజుకుంది. ఈసారి కోర్టుకెక్కింది చిల్లర దుకాణాలవారే అయినా, ఇరుపక్షాలూ తిరగేస్తున్నది వైనరీల విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన గ్రాన్‌హోమ్ తీర్పునే. ఆ తీర్పు దాకా నడిచిన వారిలో వర్జీనియాలోని మిడిల్‌బర్గ్‌లో చిన్న కుటుంబ వైనరీ (వైన్ తయారీ కేంద్రం) నడిపిన జువానిటా స్వీడెన్‌బర్గ్ ఒకరు.

1933లో మద్యనిషేధం ఎత్తేశాక తయారీదారు టోకు వ్యాపారికి, టోకు వ్యాపారి చిల్లర దుకాణానికి అమ్మే మూడంచెల వ్యవస్థ స్థిరపడింది. అసలు మలుపు ఆ తర్వాతిది. తీర్పుకు ముందు ముప్పై ఏళ్లలో వైనరీలు మూడింతలకు మించి పెరిగి 3,000 దాటగా, 1984-2002 మధ్య లైసెన్సున్న టోకు వ్యాపారులు 1,600 నుంచి 600కు తగ్గారు. ఇదే పోరులో నిలిచిన కాలిఫోర్నియాలోని డొమెయిన్ ఆల్‌ఫ్రెడ్ వైనరీ ఏడాదికి తీసేది 3,000 పెట్టెల వైన్. అంత కొద్ది సరుకును పట్టించుకునే టోకు వ్యాపారి దొరకడమే గగనమైంది.

స్వీడెన్‌బర్గ్ వైనరీకి పర్యాటకులు వచ్చి, రుచి చూసి, సీసాలు కొనుక్కుని వెళ్లేవారు. ఇంటికెళ్లాక మరికొన్ని కావాలంటే, వారిది న్యూయార్క్ అయితే పంపడం అప్పట్లో నేరం. న్యూయార్క్‌లోని వైనరీలు మాత్రం తమ రాష్ట్ర ప్రజలకు నేరుగా పంపుకోగలిగేవి. బయటివారికి ఆ అవకాశం కావాలంటే అక్కడ శాఖో, గిడ్డంగో తెరవాల్సి వచ్చేది. ఆ ఖర్చు భరించి ముందుకొచ్చిన బయటి వైనరీ ఒక్కటీ లేదని సుప్రీంకోర్టే గుర్తించింది.

మైనర్ల చేతికి మద్యం చేరుతుందని, పన్నుల వసూలు దెబ్బతింటుందని న్యూయార్క్, మిషిగన్ రాష్ట్రాలు వాదించాయి. ఆ భయాలకు తగిన ఆధారాలు చూపలేకపోయాయి. 2005 మే 16న జస్టిస్ కెనడీ రాసిన 5-4 తీర్పు, సొంత వైనరీలకిచ్చిన సౌలభ్యాన్ని బయటివాటికి నిరాకరించడం చెల్లదని తేల్చింది. వివక్ష చూపకుండా అందరికీ అనుమతించవచ్చు, అందరికీ నిషేధించవచ్చు. నిషేధిస్తే సొంత వైనరీలే నష్టపోతాయి కనుక న్యూయార్క్ అదే ఏడాది బయటి వైనరీలకూ తలుపు తెరిచింది.

ఆ తీర్పు తయారీదారులకే వర్తిస్తుందా, దుకాణాలకూ వర్తిస్తుందా అన్నదే నేటి చిక్కు. 2020లో మిషిగన్ కేసులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (సుప్రీంకోర్టుకు కింది స్థాయి ఫెడరల్ కోర్టు) దుకాణాల వాదనను తోసిపుచ్చి రాష్ట్రం వైపే మొగ్గింది. టోకు వ్యాపారుల సంఖ్య తగ్గిపోయి చిన్న వైనరీలకు దారి మూసుకుపోయిన పరిస్థితిని 2005లో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ప్రస్తావించింది. తమకూ అలాంటి ఇబ్బందే ఉందని దుకాణాలు ఇంకా నిరూపించుకోవాల్సి ఉంది.